ఇద్దరు రాజశేఖరులు... ఒక నవల

పామర్రు నుంచి ఎటు వెళ్లినా ఓ నవలాకారుడి ఊరు తగులుతుంది. అసలు ‘నవల’ అనే మాటే తెలుగువాళ్లది కాదు. ఇంగ్లిషు నుంచి వచ్చింది. ఓ విమర్శకుడి కలం నుంచి జారిపడి, సంస్కృతం చీర కట్టుకుని, చివరికి కృష్ణా డెల్టా ఇళ్లలో తలగడ కింద చేరింది. ఆ మాట నడిచొచ్చిన దారి ఇది.

విజయవాడ నుంచి బందరు వెళ్లే బస్సెక్కితే పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు దాటాక పామర్రు వస్తుంది. సుమారు నలభై కిలోమీటర్ల ప్రయాణం. ఉయ్యూరు వరకూ చెరకు బళ్లు, చక్కెర ఫ్యాక్టరీ జ్ఞాపకాలు. ఆ తర్వాత ఎటు చూసినా వరి చేలే. కోతలయ్యాక వెళితే అవే చేలల్లో మినుము పచ్చగా పరచుకుని ఉంటుంది. పామర్రు సెంటర్‌లో సగం మంది దిగిపోతారు. అది వాళ్ల ఊరని కాదు, అక్కడ బస్సు మారాలి కాబట్టి! నేరుగా పోతే మచిలీపట్నం. ఒకవైపు తిరిగితే గుడివాడ. మరోవైపు కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి. పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఊళ్లోంచే పోతుంది. 165వ నంబరు రహదారి ఇక్కడే మొదలై గుడివాడ, కైకలూరు, భీమవరం, పాలకొల్లు మీదుగా దిగమర్రులో ముగుస్తుంది. ఓ ‘మర్రు’ నుంచి ఇంకో ‘మర్రు’కన్నమాట!

ఈ కూడలి గురించి ఎవరైనా చెబితే ముందు వచ్చేవి రెండే పేర్లు. కూచిపూడి నాట్యం, నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్. రెండూ ఈ చుట్టుపక్కలవే. నిమ్మకూరైతే పామర్రు మండలంలోదే. అంతటి పేర్ల నీడలో మూడో సంగతి ఎవరికీ కనపడదు. ఉయ్యూరు వైపు వెళ్లి ఉత్తరానికి మళ్లితే ఉంగుటూరు మండలంలో నందమూరు వస్తుంది. ‘వేయిపడగలు’ రాసిన విశ్వనాథ సత్యనారాయణ 1895లో పుట్టింది అక్కడే. గుడివాడ వెళ్లి గుడ్లవల్లేరు దారి పడితే అంగలూరు. 1910లో త్రిపురనేని గోపీచంద్ పుట్టిన ఊరు. ‘అసమర్థుని జీవయాత్ర’ ఆయనదే. కూచిపూడి దారిలో సాగి మొవ్వ మండలంలోకి వెళితే కాజ. మంగళగిరి దగ్గర టోల్‌గేటున్న కాజ కాదు, ఇది వేరు. యద్దనపూడి సులోచనారాణి పుట్టిన ఊరు. ఇక బందరు సంగతా? తెలుగు నవలను చొక్కా జేబులో పట్టేంత చేసి అమ్మిన ఎమెస్కో అక్కడిదే. ఎం.శేషాచలం అండ్ కంపెనీ పేరులోని ఇంగ్లిషు పొడి అక్షరాలను కలిపి పలికితే ఎమెస్కో అయింది.

అంటే పామర్రు సెంటర్‌లో నిలబడి చెయ్యి ఏ వైపు చాపినా నవలే! మరి ఆ మాట ఇక్కడికెలా వచ్చినట్టు?

విమర్శకుడు పెట్టిన పేరు

తెలుగులో తొలి నవల ఏదన్న వాదన ఇప్పటికీ తెగలేదు. 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’ వచ్చింది. 1878లో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ ఆయన పత్రిక ‘వివేకవర్ధని’లో మొదలైంది. ఎవరు ముందన్నది పండితులు చూసుకుంటారు. మనకు కావాల్సింది వేరే. ఈ ఇద్దరిలో ఒక్కరూ తాము రాసినదాన్ని నవల అనలేదు! చెట్టిగారు ‘నవీన ప్రబంధం’ అన్నారు. వీరేశలింగం ‘వచన ప్రబంధం’ అన్నారు. ఇంట్లోకి కొత్త మనిషి వస్తే పాత చుట్టరికం ఏదో వెతికి కలుపుకున్నట్టు, ఇద్దరూ కొత్త సరుకును పాత ప్రబంధం పక్కనే కూర్చోబెట్టారు.

వీరేశలింగం మొదట గోల్డ్‌స్మిత్ రాసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ను తెలుగు చేద్దామనుకున్నారు. కొంత చేసి, నచ్చక వదిలేసి, ధవళేశ్వరంలో తన సొంత కథ మొదలుపెట్టారు. రాజశేఖరుడు కలిగిన గృహస్థు. మంచివాడే. కానీ జ్యోతిషం నమ్ముతాడు, ఇంటి నిండా చేరిన ముఖస్తుతి బంధువులను నమ్ముతాడు, బంగారం చేసిపెడతానన్న దొంగ బైరాగినీ నమ్ముతాడు. ఉన్నదంతా పోగొట్టుకుని భార్యాబిడ్డలతో రోడ్డున పడతాడు. ఈ పుస్తకం 1887లోనే ‘ఫార్చూన్స్ వీల్’ పేరుతో ఇంగ్లిషులోకి వెళ్లి లండన్‌లో అచ్చయింది. ఇంగ్లండు కథను చూసి పుట్టింది తిరిగి ఇంగ్లండుకే ప్రయాణం కట్టిందన్నమాట.

దీన్ని విమర్శిస్తూ రాసినవాళ్లలో కాశీభట్ల బ్రహ్మయ్యశాస్త్రి ఒకరు. సంప్రదాయ పండితుడు. వీరేశలింగంతో చాలా విషయాల్లో ఆయనకు పడేది కాదు. తెలుగులో ‘నవల’ అన్న మాటను తొలుత వాడింది ఆయనేనని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఇంగ్లిషు ‘నావెల్’ చప్పుడు చెవిన పడుతూనే ఉంది. దానికో సంస్కృత వ్యుత్పత్తీ కుదిరింది. ‘నవ’ అంటే కొత్త, ‘లా’ అనే ధాతువుకు అర్థం తీసుకోవడం. కొత్త విశేషాలను తీసుకునేది కనుక నవల!

ఇది కాస్త లాగి ముడేసినట్టే ఉంటుంది. నిజానికి అంత తప్పు కూడా కాదు. ఇంగ్లిషు నావెల్‌కు మూలం ఇటలీ వాళ్ల ‘నొవెల్లా’. చిన్న కొత్త ముచ్చట అని అర్థం. పద్నాలుగో శతాబ్దంలో బొకాచియో ‘డెకామెరాన్’లో చెప్పిన నూరు కథలూ నొవెల్లాలే. దానికి తల్లి లాటిన్‌లో కొత్త అనే అర్థమున్న ‘నొవుస్’. ఆ లాటిన్ మాటా, మన ‘నవ’మూ, రష్యన్‌లో కొత్త అనే అర్థమున్న ‘నోవియ్’ కూడా ఒకే వేరు నుంచి వచ్చినవే. శాస్త్రిగారు బలవంతంగా కలిపారనుకున్న చుట్టరికం కొన్ని వేల ఏళ్ల కిందట నిజంగానే ఉందన్నమాట!

వీరేశలింగం పెట్టుకున్న ‘వచన ప్రబంధం’ పేరు పాఠ్యపుస్తకాలకు పరిమితమైంది. ఆయనతో పడని పెద్దమనిషి అన్న మాట నిలిచిపోయింది. పుస్తకం ఒకరు కన్నారు, పేరు మరొకరు పెట్టారు.

ఉపన్యాసం కాదు, ఉపన్యాస్!

పక్క రాష్ట్రాలవాళ్లకూ అదే కాలంలో అదే చిక్కు వచ్చింది. ఎవరికి తోచిన దారి వాళ్లు పట్టారు. 1865లో బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’తో బెంగాలీలు దాన్ని ‘ఉపన్యాస్’ అన్నారు. హిందీ, ఒడియా కూడా అదే బాట. మరాఠీ, కన్నడం వాళ్లు ఏడో శతాబ్దానికి చెందిన బాణభట్టు ‘కాదంబరి’ని గుర్తు చేసుకున్నారు. ఒక పుస్తకం పేరు మొత్తం ఓ సాహిత్య ప్రక్రియకే పేరైపోయింది! గుజరాతీలు ‘నవలకథ’ అన్నారు. ఉర్దూ, పంజాబీలు నావెల్‌నే కొంచెం నాలుక తిప్పి ఉంచుకున్నాయి. మలయాళీలు నోవల్ అన్నారు. తమిళులు కాసేపు నావల్ అంటారు, శుద్ధ తమిళం కావాలనుకున్నప్పుడు ‘పుదినం’ అంటారు. కొత్తది అనే అర్థం అందులోనూ ఉంది.

దీంతో వచ్చే తంటాలు హిందీ పరీక్షలకు చదివే మన పిల్లలను అడిగితే తెలుస్తాయి. ప్రేమ్‌చంద్ గొప్ప ‘ఉపన్యాస్‌కార్’ అని పుస్తకంలో ఉంటుంది. ఆయనేదో సభల్లో మైకు పట్టుకుని దంచేసేవాడని మనవాళ్లు రాసేస్తారు. తెలుగులో ఉపన్యాసమంటే ప్రసంగమే కదా! విశ్వనాథవారి ‘వేయిపడగలు’ను పి.వి.నరసింహారావు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తీసుకెళ్లారు. అంటే నందమూరులో పుట్టినాయన రాసిన నవల అక్కడికెళ్లేసరికి ఉపన్యాస్ అయింది. అదే తెలుగు నవల కన్నడంలోకి వెళితే కాదంబరి అవుతుంది. సరుకు మారదు, సంచి మారుతుంది.

గుజరాతీలో ఇంకో తమాషా ఉంది. మనం ‘నవలిక’ అంటే చిన్న నవల. వాళ్లకు ‘నవలిక’ అంటే చిన్న కథ. మనకు ‘వార్త’ పేపర్లో వచ్చేది, వాళ్లకు ‘వార్తా’ అంటే అమ్మమ్మ చెప్పే కథ. ఒకే మాట రెండిళ్లలో రెండు వేషాలు వేసింది. ఇలాంటి వేషాలు ఇంతకంటే జోరుగా వేసిన చోటు ఒకటుంది. అక్కడి నవలలు మనవాళ్లకు కొత్తేమీ కాదు. బెజవాడ చాలాకాలం వాటికి రేవు పట్టణం.

మాస్కో నుంచి బెజవాడకు

గోర్కీ ‘అమ్మ’ను 1930ల్లోనే క్రొవ్విడి లింగరాజు తెలుగు చేశారు. 1953లో విజయవాడలో విశాలాంధ్ర ప్రచురణాలయం మొదలయ్యాక రష్యన్ పుస్తకాలు కట్టలకు కట్టలు దిగాయి. మాస్కోలో ప్రగతి, ఆ తర్వాత రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చువేసి ఓడల్లో పంపేవి. గట్టి అట్ట, తెల్లటి కాగితం, రంగుల బొమ్మలు, టీ కప్పు ధరకు కాస్త ఎక్కువ. ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి కాగితాలతో బడి పుస్తకాలకు అట్టలు వేసుకున్న తరం ఇప్పుడు మనవళ్లను ఎత్తుకుంటోంది. ‘అతడు–ఆమె’ నవలాకారుడు ఉప్పల లక్ష్మణరావు, రాళ్లబండి వెంకటేశ్వరరావు లాంటివాళ్లు మాస్కోలోనే కాపురముండి రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేశారు. మరోపక్క, నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ ‘స్వాతి’లో ‘పాత కెరటాలు’ శీర్షికన ప్రపంచ నవలలను టూకీగా చెప్పేవారు. మూలం చదివే తీరికా, ఇంగ్లిషూ లేని ఇల్లాళ్లకు పెద్ద పెద్ద నవలల్లోని మనుషులు పక్కింటివాళ్లంత తెలిసిపోయింది ఆమె చలవే.

ఆ అనువాదకులకు అట్ట మీదే మొదటి చిక్కు ఎదురయ్యేది. లోపల ఉన్నదాన్ని ఏమనాలి? రష్యన్‌లో నవలను ‘రొమాన్’ అంటారు. ఇది ఫ్రెంచి నుంచి అరువు తెచ్చుకున్న మాట. దానికన్నా చిన్నది, కథకన్నా పెద్దది ‘పోవెస్త్’. ఇది వాళ్ల సొంత మాట. వార్త, కబురు అనే అర్థమున్న ‘వెస్త్’ ఇందులో ఉంది. మన ‘వేదం’ పుట్టిన వేరే దానికీ వేరు. ఇక ‘నొవెల్లా’ అనే మాట కూడా రష్యన్‌లో ఉంది. కానీ దానర్థం నవల కాదు, ఒక రకం చిన్న కథ! టాల్‌స్టాయ్ ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’, గొగోల్ ‘ఓవర్‌కోటు’, ఐత్‌మాతొవ్ ‘జమీల్యా’... ఇవన్నీ పోవెస్త్‌లే. తెలుగులోకి వచ్చేసరికి ఒకరు నవలిక అంటారు, ఒకరు పెద్ద కథ అంటారు. ఎక్కువమంది పాఠకులు మాత్రం బేరాలు లేకుండా నవల అనేశారు.

సరిహద్దు దాటి పోలెండు వెళితే కథ అడ్డం తిరుగుతుంది. రష్యన్ పోవెస్త్‌కు చెల్లెలి వరసయ్యే మాట అక్కడ ‘పొవ్యెష్చ్’. కానీ దానికి అర్థం నవల. పూర్తి నిడివి నవల! 1905లో నోబెల్ అందుకున్న షెంకివిచ్ రాసిన ‘క్వో వాదిస్’ ఓ పొవ్యెష్చ్. ఆయనే రాసిన ‘లతార్నిక్’, అంటే లైట్‌హౌస్ కాపలాదారు కథ, ‘నొవెల’. పలకడానికి మన నవలకు కవల పిల్లలా ఉంటుంది. చూస్తే కొద్ది పేజీల కథ. మరి పోలిష్‌లో ‘రొమాన్స్’ అంటే? ప్రేమాయణం. రష్యన్‌లోనూ అంతే. ‘వాళ్లిద్దరికీ రొమాన్ నడుస్తోంది’ అంటే ఇద్దరూ కలిసి పుస్తకం రాస్తున్నారని కాదు! నవలకూ, గుసగుసల ప్రేమకూ ఒకటే మాట.

చెక్ వాళ్ల దగ్గర మరీ విడ్డూరం. నవల ‘రొమాన్’. ‘నొవెల’ అంటే చిన్న నవల. ఇంకో అర్థం కూడా ఉంది... చట్ట సవరణ! ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి చేసిన కొత్త శాసనాలను లాటిన్‌లో నొవెల్లాలనే పిలిచేవారు. ఆ వాడుక న్యాయవాదుల నోట అలాగే ఉండిపోయింది. కాబట్టి ప్రాగ్ పార్లమెంటులో నొవెల ఆమోదం పొందిందని పేపర్లో వస్తే ఎవరూ సాహిత్య పేజీ వెతకరు. సెర్బులు, క్రొయేషియన్లు, బల్గేరియన్లు కూడా నవలను రొమాన్ అనే అంటారు. నొవెల మాత్రం ఎక్కడికెళ్లినా కురచదే.

ఇంతకీ ఆ ‘రొమాన్’ మొదట్లో ఏమిటో తెలుసా? ఫ్రాన్సులో పండితులు లాటిన్‌లో రాసేవారు. జనం మాట్లాడుకునే భాషను ‘రొమాంజ్’ అనేవారు. ఆ జనం భాషలో చెప్పిన కథకే ఆ పేరు అంటుకుంది. అచ్చంగా పామరుల భాషలో కథ అని! పామర్రు పేరులో పామరుడు ఉన్నాడని ఎవరూ వాదించక్కర్లేదు గానీ, ఈ ఊరి దారుల్లో ఆ సంగతి గుర్తుకొస్తే తప్పు లేదు.

పేరు దగ్గర తడబడింది మన వీరేశలింగం ఒక్కరే కాదు. పుష్కిన్ ‘యెవ్గేని ఒనేగిన్’ను పద్యాల్లో రాసి ‘పద్య నవల’ అన్నాడు. గొగోల్ 1842లో ‘మృత జీవులు’ను వచనంలో రాసి ‘కావ్యం’ అన్నాడు. టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ గురించి ఇది నవల కాదు, కావ్యమూ కాదు, చరిత్ర అంతకన్నా కాదు అని చేతులెత్తేశాడు. వాటి పక్కన పెట్టి చూస్తే మన ‘వచన ప్రబంధం’ వింతేం కాదు.

పాత నిఘంటువులో నవలా

తెలుగులో మాత్రం నవలకు ఎవరూ చెప్పని ఇంకో కథ ఉంది. శాస్త్రిగారు ఈ మాటను వాడకముందే తెలుగులో ‘నవలా’ అనే మాట ఉంది. పాత నిఘంటువులు తిరగేస్తే కనపడుతుంది. అర్థం స్త్రీ. పద్యకావ్యాల్లో నాయికలను ఆ మాటతో పిలిచేవారు. ఇంగ్లండు నుంచి వచ్చిన కొత్త మాట వెళ్లి వెళ్లి ఆడవాళ్ల పేరున్న ఇంట్లోనే అద్దెకు దిగింది. కాకతాళీయమే. కానీ ఆ తర్వాత జరిగింది చూస్తే, అద్దెకు దిగినామె ఇల్లు కొనేసిందా అనిపిస్తుంది.

తొలి దశలో నవల మగవాళ్ల వ్యవహారమే. 1890ల్లో ‘చింతామణి’ పత్రిక పోటీలు పెట్టి బహుమతులిచ్చేది. 1894లో చిలకమర్తి ‘రామచంద్ర విజయం’కు అలాగే బహుమతి వచ్చింది. ఆ తర్వాత విశ్వనాథ. 1930ల్లో వచ్చిన ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకుంది. విశ్వనాథవారు చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసేవారట. రచయితకు అన్నీ నోటికే వచ్చేస్తుంటే రాసేవాడి చెయ్యి ఎంత లాగి ఉంటుందో! గోపీచంద్ వచ్చి మనిషి లోపలి గొడవను నవలలోకి తెచ్చారు. ఆయన ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో ఆ అవార్డు అందుకున్న తొలి నవల అదే. అప్పటికి ఆయన లేరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గాలి మళ్లింది. 1960ల నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో ‘సెక్రటరీ’ సీరియల్‌గా వచ్చింది. రాసింది కాజలో పుట్టిన అమ్మాయి. పేరు సులోచనారాణి. ఉద్యోగం చేసుకుని ఇంటిని నెట్టుకొచ్చే జయంతి. ఆత్మాభిమానం ముక్కు మీదే ఉంటుంది. ఆమె ఎదుట నిలబడే కథానాయకుడికి కారుంది, డబ్బుంది, ఎత్తుంది. అతని పేరు... రాజశేఖరం!

మొదటి రాజశేఖరుడు ధవళేశ్వరం వాడు, ముగ్గురు పిల్లల తండ్రి, మోసపోవడమే అతని కథ. రెండో రాజశేఖరం కోసం రాష్ట్రం మొత్తం నెల నెలా ఎదురుచూసింది. మొదటివాణ్ని సృష్టించినాయన ఆడపిల్లలకు చదువు రావాలని బళ్లు పెట్టి తిట్లు తిన్నాడు. రెండోవాణ్ని సృష్టించింది ఆ చదువు అందుకున్న తరం అమ్మాయి. ఆయన బళ్లలో మొదలైన అక్షరం తొంభై ఏళ్లు తిరక్కుండానే పామర్రు పక్క ఊళ్లో ‘నవలారాణి’ అయింది. ఆమె ఒక్కతే కాదు. రంగనాయకమ్మ, లత, మాలతీ చందూర్, ద్వివేదుల విశాలాక్షి, కోడూరి కౌసల్యాదేవి, వాసిరెడ్డి సీతాదేవి, మాదిరెడ్డి సులోచన... ఎంత గిరాకీ అంటే మగవాళ్లు సైతం ఆడపేర్లతో రాశారు. మీనా, జీవన తరంగాలు, సెక్రటరీ, అగ్నిపూలు... యద్దనపూడి నవలలు వరసగా సినిమాలయ్యాయి. పొడుగ్గా, హుందాగా ఉన్న కుర్రాడు కనపడితే ‘నవలా నాయకుడిలా ఉన్నాడే’ అనడం మాటల్లో చేరిపోయింది.

ఈ నవలలన్నీ గొప్పవేమీ కావు. మేడలూ కార్లూ, అపార్థాలూ, ఆఖరి పేజీలో చేతులు కలపడాలు చాలానే ఉన్నాయి. కలల బేరమని విమర్శకులు చీల్చి చెండాడారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ ఆ విమర్శకులు లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటుంది. అంతకుముందు పుస్తకం జోలికి వెళ్లని ఇళ్లలోకి పుస్తకం వెళ్లింది. అదీ వంటింటి దారిలో!

వెళ్లడం అంత తేలిగ్గా జరగలేదు. ‘ఏమే, మళ్లీ ఆ నవల పట్టుకున్నావా? పాలు పొంగిపోతున్నాయి చూడు’ అని అరవని అమ్మ ఉండేది కాదు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ‘అమ్మాయి నవలలు చదువుతుందా?’ అని అడిగితే అందులో మెచ్చుకోలు ఉండేది కాదు. నవలలు చదివితే ఆడపిల్ల చెడిపోతుందని పెద్దల గట్టి నమ్మకం. రష్యావాళ్లు నవలకూ ప్రేమాయణానికీ ఒకే పేరు పెట్టి ఊరుకున్నారు. మనవాళ్లు పేర్లు వేరుగా ఉంచి, అనుమానం మాత్రం ఒకటే పెట్టుకున్నారు.

అయినా చదివారు. టెక్స్టు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివారు. అద్దె పుస్తకాల షాపులో రోజుకు పావలా, అర్ధరూపాయి ఇచ్చి తెచ్చి, ఇద్దరు ముగ్గురు పంచుకుని, రాత్రికి రాత్రి ముగించి తెల్లారేసరికి తిరిగిచ్చారు. వారపత్రికలో సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టుకున్నారు. మధ్యలో ఓ వారం పత్రికను ఎవరో పట్టుకుపోతే అక్కడో గండి. ఆ వారం ఏం జరిగిందో పక్కింటి పిన్నిగారిని అడిగి తెలుసుకోవాల్సిందే. ఇలా ఇంట్లో కుట్టిన నవలలు డెల్టా ఊళ్లలో పాత బీరువాలు తెరిస్తే ఇప్పటికీ బయటపడుతుంటాయి. ఓ పక్క కథ, వెనక్కి తిప్పితే తలనొప్పి మాత్ర ప్రకటన, జోకులు, సగం తెగిన వంటల శీర్షిక. ఏ గ్రంథాలయం కేటలాగులోనూ ఉండని పుస్తకాలివి. అట్ట మీద పేరు కూడా ఇంటావిడ చేతిరాతే.

ఎమెస్కో కూడా కనిపెట్టింది ఈ ఆకలినే. బందరు నుంచి మొదలైన ఆ సంస్థ జేబులో పట్టే పుస్తకాలు వేసింది, ‘ఇంటింటా సొంత గ్రంథాలయం’ అంది. బస్సెక్కేముందు సోడా కొన్నట్టు నవల కొనే రోజులవి.

సీరియల్ మారింది

1980ల్లో యండమూరి, మల్లాది వచ్చి నవలను ఇంకోసారి పరుగెత్తించారు. ఆ తర్వాత ఇంటింటికీ టీవీ. ‘సీరియల్’ అనే ఇంకో అరువు మాట వారపత్రికలోంచి లేచి టీవీలోకి వెళ్లి కూర్చుంది. ‘సీరియల్ చూశావా?’ అంటే ఇప్పుడెవరూ పత్రిక వెతకరు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. మాస్కో నుంచి తెలుగు పుస్తకాల ఓడ ఆగింది. వారపత్రికలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. అద్దె షాపులు సీడీలకు, ఆ తర్వాత సెల్‌ఫోన్ రీఛార్జికి మారాయి. 1989 నుంచి విజయవాడలో ఏటా జరిగే పుస్తక మహోత్సవానికి ఈ పల్లెల నుంచి వెళ్లేవాళ్లున్నారు. పాత యద్దనపూడి నవలల కొత్త ముద్రణలను వెతికేవాళ్లూ వాళ్లలో ఉంటారు. ఎక్కువగా అరవై దాటినవాళ్లు. ఒకప్పుడు దొంగచాటుగా చదివిన పుస్తకాన్ని ఇప్పుడు రసీదుతో కొనుక్కోవడం!

నవల రాసేవాళ్లు మాత్రం తగ్గలేదు. అమెరికాలో తానా పోటీలు పెడుతోంది. ఫోన్‌లో భాగాలు భాగాలుగా రాసేవాళ్లలో మళ్లీ ఆడవాళ్ల సంఖ్య చిన్నదేమీ కాదు. అచ్చులో పోయిన ‘తరువాయి భాగం’ తెర మీద మళ్లీ తేలింది. యద్దనపూడి సులోచనారాణి 2018 మేలో కాలిఫోర్నియాలో కన్నుమూశారు. అక్కడివాళ్లకు ఆమె వృత్తి చెప్పాలంటే ‘నావెలిస్ట్’ అనాలి. బ్రహ్మయ్యశాస్త్రిగారు ఇంగ్లిషు నుంచి లాక్కొచ్చిన మాట అక్కడ తన పుట్టింటి పలుకులోకి తిరిగి వెళ్లినట్టయింది.

పామర్రులో కూచిపూడి దారి బస్సు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. కూచిపూడి స్టేజీ దగ్గర గజ్జెల సంచులతో పిల్లలు దిగుతారు. అక్కడ సిద్ధేంద్రయోగి పేరు చెప్పడానికి బోలెడు మంది ఉన్నారు. మొవ్వలో దిగితే క్షేత్రయ్య పదాల మువ్వగోపాలుడి గుడి చూపిస్తారు. కాజకు టిక్కెట్టు తీసుకునేవాళ్లు మాత్రం ఆ ఊరివాళ్లే. కండక్టరు టిక్కెట్టు చింపిస్తాడు, చిల్లర తర్వాత ఇస్తానంటాడు. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ ఒడిలో సంచి, సంచిలో ఆకుకూరలు, కళ్లజోడు డబ్బా. పక్కన మనవరాలు చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోన్‌లో ఏదో చదువుతోంది. పేజీ అడుగున ‘తరువాయి భాగం రేపు’ అని ఉంది.